బుట్ట ఖాళీగా పోకూడదు

మొన్న మా మనవడు నా రేడియో కింద పడేశాడు. కాసేపటికి పక్క గదిలోంచి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. ‘సారీ తాతా’ అని, పక్కన చేతులు జోడించిన పసుపు బొమ్మ. వాడికీ నాకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. "ఏటిరా గుంటడా, కాళ్లు నేవా?" అని కేకేశాను. ఇంకో బొమ్మ వచ్చింది.

మా రోజుల్లో తప్పు చేసినవాడిని మెడ చూసి పోల్చుకునేవాళ్లం. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు, బొటనవేలితో నేల రాసేవాడు. ఇప్పుడు మెడలు వంగేది ఫోను చూసుకోడానికే. బస్సులో కాలు తొక్కినా సారీ, కొంప ముంచినా సారీ. ఒకే రేటు.

మా నాన్న మూకీల కాలం మనిషి. డేరాలో నేల మీద కూర్చుని చూసిన బొమ్మల గురించి పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడట, హార్మోనియం వాయించేవారట. తెర మీద అక్షరాలు పడేవి గానీ, డేరాలో చదువొచ్చినవాళ్లు ఎందరు? ఫాల్కే 1919లో తీసిన ‘కాళీయ మర్దన్’ అంటే ఆయనకి ప్రాణం. అందులో కృష్ణుడి వేషం ఫాల్కే కూతురు మందాకినిదే, ఏడేళ్ల పిల్ల. బొమ్మ మొదట్లోనే ఆ పిల్ల ముఖంలో కోపం, నవ్వు, ఏడుపు ఎలా పలుకుతాయో వరసగా చూపించారు. మాట లేని చోట ముఖమే నోరు మరి. "పడగల మీద తొక్కడం కాదురా, నాగుపాము పెళ్లాలు దణ్ణం పెడితే కిష్ణుడు కాలు తీసేశాడు చూడు, అదీ!" అనేవాడు నాన్న.

నాకు చాలా ఏళ్లకి గానీ ఆ మాట అర్థం కాలేదు. నోరు లేని తెరకి క్షమాపణని మించిన సరుకు లేదు. ఒకరు వంగాలి, ఇంకొకరు లేవనెత్తాలి. రెండిటికీ మాట అక్కర్లేదు. జర్మనీవాడు ముర్నావ్ అమెరికా వెళ్లి 1927లో తీసిన ‘సన్‌రైజ్’ని మా మనవడి ఫోనులోనే చూశాను (వాడి వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు). పరాయి ఆడదాని మోజులో పడి పెళ్లాన్ని పడవలోంచి తోసేద్దామనుకున్న రైతు కథ. ఆమె పారిపోతుంటే వెంటబడతాడు. పట్నంలో ఎవరిదో పెళ్లి జరుగుతుంటే చూసి ఆమె ఒళ్లో తల పెట్టి బావురుమంటాడు. ఒక్క డైలాగు లేదు, నా కళ్లద్దాలు మాత్రం తడిసిపోయాయి.

మన రఘుపతి ప్రకాష్ 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీ తీశాడు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెరకి మాటొచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా మనవాళ్లు నోరు మూసింది బహు తక్కువ. ఇప్పటి సినిమాలో హీరో క్షమించాలంటే ముందు నలభై మందిని తన్నాలి, తర్వాత మూడు నిమిషాలు ఉపన్యాసం ఇవ్వాలి.

మాటంటే నాకు పడదని కాదు. మా విజయనగరానికి మాటలు కరువా! 1892లో ‘కన్యాశుల్కం’ ఆడిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జె కట్టిన ఊరు. ఆ నాటకంలో గిరీశం చేత అన్ని కోతలు కోయించిన గురజాడే, 1910లో ‘దిద్దుబాటు’ కథ దగ్గరికొచ్చేసరికి ఏం చేశాడు? భోగంమేళాలకి మరిగిన మొగుణ్ణి కమలిని ఒక్క తిట్టు తిట్టదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దూరుతుంది. వాడికి బుద్ధొచ్చాక మంచం కిందనుంచి నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వే క్షమ. తెలుగుదేశంలో మూకీలు పుట్టకముందే రాసిన మూకీ అది.

1987లో సింగీతంగారు మాటల్లేకుండా ‘పుష్పక విమానం’ తీస్తే, ఊర్నుంచి బస్సెక్కి విజయనగరం గంటస్తంభం దగ్గర దిగి మరీ చూశాను. డబ్బున్నవాణ్ణి కట్టిపడేసి వాడి భోగం అనుభవించిన నిరుద్యోగి, చివరికి వాణ్ణి వదిలేసి, చేసిందంతా ఉత్తరంలో రాసిపెడతాడు. వెళ్లిపోతూ హీరోయిన్ అమల అతనికి గులాబీ ఇస్తుంది. దానికి చుట్టిన చిరునామా కాగితం గాలికెగిరి మురిక్కాలవలో పడుతుంది. హాల్లో ఈల లేదు, గోల లేదు.

సినిమాలదాకా ఎందుకు? మా అన్నయ్యకీ నాకూ పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చి మూడేళ్లు పలకరింపుల్లేవు. ఓ వేసవిలో వాళ్లింటినుంచి మా అరుగు మీదికి బుట్టెడు తాటిముంజెలు వచ్చాయి. బుట్ట ఖాళీగా పంపకూడదు కదా, జీడిపప్పు పోసి పంపాం. వారం తిరక్కుండా అన్నయ్య వచ్చి నా పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడాడు. గట్టు ఊసు అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు. అదీ మా రోజుల పద్ధతి!

ఇదంతా మనవడికి వినపడేలా గట్టిగానే చెప్పాను. వంటింట్లో చేటతో చోళ్లు చెరుగుతున్న మా ఆవిడ చెయ్యి ఆగింది.

"ఆ ముంజెలు పంపింది మీ వొదిన. బుట్టలో జీడిపప్పు పోసింది నేను. మీ అన్నదమ్ములిద్దరూ కూర్చుని తిన్నారు, అంతే."

నేనేదో అనబోయాను.

"ఇంకోటి. దణ్ణం పెట్టింది పాము పెళ్లాలు. ఒళ్లో తల పెట్టించుకున్నది రైతు పెళ్లాం. మంచం కింద దూరింది కమలిని. గులాబీ ఇచ్చింది అమల. మీరు చెప్పిన కథల్లో మగాడు క్షమించింది ఒక్క కిష్ణుడే, అదీ ఆడపిల్ల వేసిన వేషం. మూకీ మీకు బాగానే ఉంటుంది. యాభై ఏళ్లయింది మన పెళ్లై, ఒక్కసారి నోటితో సారీ అంటే వినాలని నాకూ ఉండేది. ఆ గుంటడు నయం, బొమ్మైనా పంపాడు."

పక్క గదిలోంచి కిసుక్కున నవ్వు వినపడింది.

నోరు తెరిచాను. మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది. లేచి వంటింట్లోకి వెళ్లి, పాలగిన్నె వెతికి, టీ పెట్టి, గ్లాసు తెచ్చి ఆవిడ ముందు పెట్టి తల వంచుకుని నిలబడ్డాను.

ఆవిడ ఒక గుక్క తాగింది. నా ముఖంలోకి చూసింది.

"పంచదార మర్చిపోయారు. అది నోటితో చెప్పాలి మరి, లేకపోతే ఎలా తెలుస్తుంది మీకు?"