‘మీ బావ’ వివాదమునకు టీకా తాత్పర్యము

అవతారిక: కౌతాళము రైతులకు ఒక వాట్సాప్ గ్రూపు కలదనుకొందము. ఆదోని మార్కెట్టులో పత్తి క్వింటాలు ఎంత పలికెను, తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లెప్పుడు వదలుదురు అనునవి అందలి ముఖ్య విషయములు. ఒకనాడు ఒకడు పత్తి రేటు పెట్టెను. రేటు సరిగానే యున్నది. పెట్టినవాని పేరు మాత్రము ‘~మీ బావ’ అని కనబడెను. అంతట అడ్మిన్ వాక్కు వెలువడినది. (మూలమును వ్యాఖ్యాతయే కల్పించెను. ఇట్టి మూలము పుట్టని గ్రూపు అరుదు.)

మూలము: “యో, ఎవురప్పా ఇది? పెద్దోళ్లుండారు, ఆడోళ్లుండారు. తెల్లారేలోపల పేరు మార్చుకో, లేకుంటే తీసేస్తా. మళ్లా నన్ననొద్దు.”

ప్రతిపదార్థము: యో = ఓయీ; ఎవురప్పా ఇది = ఈ పేరుగలవాడవు నీవెవ్వడవు (‘అప్పా’ అనుటచే తిట్టు ఇంకను మొదలుకాలేదని తెలియవలెను); పెద్దోళ్లుండారు = పెద్దలు చదువుచున్నారు (నిజమునకు వారు ఫార్వర్డు చేయుదురే కాని చదువరు); ఆడోళ్లుండారు = స్త్రీలును కలరు (వారిని అడిగి చూచినవారు లేరు); తెల్లారేలోపల = ఇది గడువు; తీసేస్తా = రిమూవ్ చేయుదును; మళ్లా నన్ననొద్దు = రేపు మీ ఇంటివారు మా గడపకు వచ్చి పంచాయితీ పెట్టరాదు.

తాత్పర్యము: పేరు మార్చుకొమ్ము, లేదా పొమ్ము.

శంక: ‘మీ’ అనునది గౌరవ వాచకము కదా, అందు దోషమేమి? సమాధానము: దోషమంతయు అందే యున్నది. ‘నీ బావ’ అన్నచో ఒక్కనితో పోవును. ‘మీ’ అనుటచే చదివిన ప్రతివాని ఇంటికిని ఇతడు బావ యగుచున్నాడు. మగవాడు చదివినచో వాని అక్కచెల్లెండ్రకు మగడగును; ఆడుది చదివినచో సరసమగును. మర్యాద హెచ్చినకొలది తిట్టు విస్తరించుట ఇందలి చమత్కారము. అతని సొంత బావమరదులు గ్రూపులోనే యున్నను వారికి తప్పు తోచలేదు. వారి విషయమున అది సత్యవాక్యమే గదా!

మరియొక శంక: కొందరే నొచ్చుకొననేల? సమాధానము: నంబరు సేవ్ చేసికొన్నవారికి తాము వ్రాసికొన్న పేరే కనబడును. చేసికొననివారికే ‘~’ గుర్తుతో అతడు పెట్టుకొన్న పేరు కనబడును. కావున నొచ్చినవారందరును కొత్తవారే. మరి ఎరిగినవారి ఫోనులలో ఇతడేమని యున్నాడు? ఒకరి ఫోనులో ‘కుంటి ఈరన్న’. ఎరువుల అంగడివాని ఫోనులో ‘బాకీ ఈరన్న’. వీనిపై ఎవరును ఫిర్యాదు చేయలేదు, చేయబోరు.

విశేషములు: ఉరుకుంద ఈరన్నస్వామి వెలసినది ఈ కౌతాళము మండలముననే. శ్రావణమాసమున కర్ణాటకనుండియు జనము వచ్చి మ్రొక్కులు చెల్లింతురు. పుట్టిన బిడ్డలకు ఆ పేరే పెట్టుకొందురు. అందుచే ఏ వీధిలో పిలిచినను నలుగురు పలుకుదురు. వారిని విడదీయుటకు ఊరివారు ఒకనికి వృత్తిని, ఒకనికి అవిటితనమును, ఒకనికి అప్పును తగిలింతురు. అనగా ఊరిలో పేరు పెట్టువారు పదిమంది, నొచ్చువాడొక్కడు. ఫోనులో పెట్టుకొనువాడొక్కడు, నొచ్చువారు పదిమంది. ఒక్కడు నొచ్చుకొన్ననాడు అడ్మినులు లేరు; ఉన్నను పట్టించుకొనెడివారు కారేమో.

కౌతాళము ఖాదర్‌లింగస్వామి దర్గా గల ఊరు. పేరు చూచి మతము తేల్పబోవువాడు ఇచ్చట భంగపడును. అట్టి ఊరును ‘బావ’ దగ్గర మాత్రము పట్టుబట్టుట గమనింపదగినది.

అధికార నిర్ణయము: అడ్మినునకు చేర్చుట, తీసివేయుట తప్ప సభ్యులపై వేరు పట్టు లేదనియు, ఒకరు పెట్టిన మెసేజీకి అతనిని బాధ్యుని చేయరాదనియు 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పెను. పిమ్మట అదే ఏట పరుల మెసేజీని చెరపు అధికారము కూడ వాట్సాప్ ఇచ్చినది. పేరు జోలికి మాత్రము అతడు నేటికిని పోజాలడు. కావుననే మూలమున ‘మారుస్తా’ అనక ‘తీసేస్తా’ అనెను. ‘పేరు నేనే మారుస్తా’ అని పాఠాంతరము చెప్పువారు ఫోను చూడనివారు.

వికీపీడియావారి పద్ధతి వేరు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో చర్చాస్థలమునకు రచ్చబండ యనియే పేరు. అడ్మిన్ నిరోధింపగలడు, పేరు మార్చువారు వేరుగా కలరు. 2015 నుండి అన్ని భాషల వికీలకును ఒక్క పేరే చెల్లుటచే, ఒక భాషలో నిర్దోషమైనది మరియొక భాషలో బూతు కావచ్చును. కన్నడ సరిహద్దువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఉపసంహారము: తెల్లవారకమునుపే అతడు పేరు మార్చి, తల్లిదండ్రులు పెట్టిన ‘ఈరన్న’ అనునదే వ్రాసికొనెను. మధ్యాహ్నము పత్తి రేటు పెట్టగా, “ఏ ఈరన్న?” అని గ్రూపులో ఒకరడిగిరి.

“అదే, మీ బావ ఈరన్న” అని జవాబిచ్చినవాడు అడ్మినే.