కుడిచెయ్యి మారిన పడక్కుర్చీ

ఈ పడక్కుర్చీకి ‘నేను’ అనే అలవాటు లేదు. ఆ మాటంతా దాని మీద కూర్చున్నవాళ్లే వాడేశారు. అందుకని తన ఆత్మకథ కూడా పక్కింటి సంగతి చెప్పినట్టే చెప్పుకుంటుంది.

చేసింది కాకినాడలోనే అయినా కలప మాత్రం బర్మాలోని రంగం నుంచి ఓడలో దిగిందని ఇంటివాళ్ల నమ్మకం. పాత సామాను ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెబుతారు కాబట్టి కుర్చీ దాన్ని గట్టిగా వాదించదు. కానీ బర్మా టేకు కథ వినడం దానికి సరదా. కంపెనీవాళ్లు లెక్క చూపించకుండా దుంగలు తరలించారని బర్మా రాజు తీబా ప్రభుత్వం బొంబాయి బర్మా కంపెనీకి జరిమానా వేసింది. ఇంగ్లీషువాళ్లు ఆ గొడవనే సాకు చేసుకుని 1885లో యుద్ధానికి దిగారు. 1886 జనవరి 1న ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నారు. తీబాను రత్నగిరికి తరలించారు. ఒక చెక్క కోసం సింహాసనమే పోయిందంటే, అదే జాతి కుర్చీకి ఇంతకంటే గొప్ప ఏం కావాలి?

సంక్రాంతి సెలవుల్లో మనవలు వచ్చారు. కుడిచెయ్యి కింద నుంచి బయటికి తిప్పి కాళ్లు చాపుకునే పొడుగు పలక మీద ఇద్దరు ఎక్కి ఊగారు. పలకకేం కాలేదు, దాన్ని మోసే చెయ్యి మాత్రం అతుకు దగ్గర నిలువునా చీలింది. జిగురుతో నిలవదని వడ్రంగి తేల్చేశాడు. కూలగొట్టిన ఇళ్ల ద్వారబంధాల్లో పాత చెక్క వెతికాడు గానీ, మేకు బెజ్జాలు లేకుండా అంత పొడుగు ముక్క దొరకలేదు. చివరికి తోటలో పెంచిన కొత్త టేకుతోనే చెయ్యి చేశాడు. కొలత సరిగ్గా కుదిరింది, రంగే కుదరలేదు. ఎడమచెయ్యి ముదురు గోధుమ రంగులో ఉంటే, కుడిచెయ్యి అప్పుడే తీసిన బూరెలా లేత బంగారు రంగులో ఉంది.

“ఆ డబ్బాలో రంగేదో రాసేయరాదూ?” అంది మామ్మగారు. పాలిష్ మేస్త్రీ ఒప్పుకోలేదు. “అసలు పాతదాని మీద ఏముందో చూడాలి కదండీ” అంటూ దూదికి స్పిరిట్ తడిపి, ఎవరికీ కనబడని అడుగుభాగంలో రుద్దాడు. దూదికి గోధుమ జిగట అంటుకుంది. అంటే చపడా, లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలకపోతే లాకర్ థిన్నర్‌తో చూసేవాడు. దానికీ కదలకపోతే నూనె వార్నిషో పాలీయురెథేనో అనుకునేవాడు. లక్క అని తేలాక కుర్చీకి కాస్త గర్వం వచ్చింది. కుసుమ్, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కట్టుకునే గూడే కదా ఆ పాలిష్! దాని కోసమే రాంచీ దగ్గర 1924లో ఒక పరిశోధన సంస్థ పెట్టారు. గ్రామఫోన్ రికార్డులు తిరిగిందీ ఆ లక్కతోనే.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఎడమచేతి మీద ఉన్నది ఒక రంగు కాదు. అన్నిటికంటే అడుగున ఏళ్ల తరబడి ముదిరిన టేకు చేవ. దాని సన్నటి రంధ్రాల్లో సుద్దపొడి, ఎర్రమట్టి కలిపి కూరిన పూత. దాని మీద నారింజ ఛాయ ఉన్న లక్క. ఆపైన దీపాల మసి, తలనూనె, చేతుల చెమట, దుమ్ము. ఇంతా చేసి, అరచెయ్యి ఆనే చోట అదంతా అరిగిపోయి లేత రంగు. ఈ మొత్తాన్ని ఒక్క డబ్బాలోంచి తియ్యాలనుకోవడం అత్యాశే. డబ్బా మీద ‘టేకు’, ‘వాల్‌నట్’ అని రాసి ఉంటే, రాసిన చెక్క ఎలా కనబడాలో తయారుచేసినవాడు ఊహించుకున్నాడని మాత్రమే అర్థం. అదే రంగు కొత్త చెక్క మీద ఒకలా, పాత చెక్క మీద ఒకలా తేలుతుంది.

కొత్త చెయ్యి కోసినప్పుడు మిగిలిన ముక్కల మీదే పరీక్షలు జరిగాయి. వేరే చెక్క మీద చూసి లాభం లేదు. ఉప్పుకాగితం నంబరు కూడా మారకూడదు: గరుకుగా రుద్దినచోట రంగు ఎక్కువ పట్టి ముదురుతుంది, నున్నగా రుద్దితే తక్కువ పడుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక ముందు థిన్నర్‌తో తుడిచాడు. ‘టేకు’ డబ్బా పసుపు కొట్టింది. ‘మహాగని’ మరీ ఎర్రబారింది. మధ్యలో కరక్కాయ ప్రయోగం ఒకటి జరిగింది. శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలల్లో నానబెట్టి, బెల్లం నీళ్లలో ఇనుము పులియబెట్టిన రసంతో నల్ల గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. చెక్క మీదా అదే జరిగింది. ముక్క బూడిదనలుపుకు తిరిగింది. అందంగానే ఉంది, కానీ ఎడమచేతికి చుట్టం కాదు. కుర్చీ వెనక పాత ఇనప మేకుల చుట్టూ ఉన్న నల్లమచ్చలు కూడా ఇలాంటివేనని మాత్రం అప్పుడు తెలిసింది.

చివరికి రంగును కూడా పొరలుగానే కట్టాడు. మొదట పల్చటి పసుపుగోధుమ డై. డై కరిగిపోయి చెక్కలోకి ఇంకుతుంది, చారలు స్పష్టంగా కనబడతాయి. ఎండకు వెలిసే గుణం ఉంది కాబట్టి దాని మీదే పూర్తి భారం పెట్టలేదు. దాని మీద పల్చటి లక్క. ఆరాక అంబర్ మట్టి పూత. ఇనుము, మాంగనీసు ఉన్న ఈ మట్టిని కాలిస్తే ఎర్రగోధుమ రంగు వస్తుంది, కాల్చనిది కొంచెం పచ్చటి ఛాయలో ఉండి ఎరుపును అణుస్తుంది. రెండూ కలిపి, చిటికెడు దీపం మసి వేసి, పూసిన వెంటనే గుడ్డతో తుడిచేశాడు. మూలల్లో, చెక్కుడు గీతల్లో మాత్రం మిగలనిచ్చాడు. అరచెయ్యి ఆనే చోట ఇంకొంచెం గట్టిగా తుడిచాడు. పైన మళ్లీ లక్క, గుడ్డముద్దతో పొర మీద పొర.

పొడి ముక్కను చూసి ఏదీ తేల్చలేదు. పాలిష్ తడి తగిలితేనే అసలు రంగు బయటపడుతుంది. ట్యూబులైటు కింద కవలల్లా ఉన్న రెండు చేతులు వరండా వెలుగులో దాయాదులయ్యాయి కూడా; మట్టి పాళ్లు మళ్లీ సవరించాల్సి వచ్చింది. మబ్బు పట్టిన రోజున పని ఆపేశాడు. సముద్రపు గాలిలో తేమ పెరిగితే లక్క తెల్లగా మసకేస్తుంది.

కుడిచేతిని కావాలనే ఒక వాసి లేతగా వదిలాడు. ఇంట్లో ఉండే టేకు వయసుతోపాటు ముదురుతుంది, ఇప్పుడే సరిపెట్టేస్తే రేపు దాటిపోతుంది. ఈ లెక్క మామ్మగారికి నచ్చలేదు గానీ కుర్చీకి నచ్చింది.

వేడి గ్లాసు పెట్టొద్దని మేస్త్రీ చెప్పి వెళ్లాడు. ఎవరు వింటారు? కొత్త చెయ్యి మీద కాఫీగ్లాసు తెల్లటి చక్రం వేసింది. లక్క కదా, స్పిరిట్ తడిపిన గుడ్డ తేలిగ్గా ఆడిస్తే పోతుంది. డబ్బుల కోసం వచ్చిన మేస్త్రీ సంచీలోంచి గుడ్డ తీయబోయాడు.

“ఉండనీ అబ్బాయ్, అటు చేతికి నాలుగున్నాయి, దీనికి ఒకటైనా ఉండద్దూ?” అంది మామ్మగారు.