కరెంటుకు నేను పెట్టిన పేరు

ఎలక్ట్రోడ్ ఎంత సన్నగా ఉంటే పదార్థాన్ని అంత కచ్చితంగా గుర్తుపడుతుందని నమ్మాను. ఎవరూ చెప్పని మాట అది, నాకు నేనే చెప్పుకున్నాను.

గాజు గొట్టం కొసన ఏడు మైక్రోమీటర్ల మందం కార్బన్ పోగు. దాన్ని డోపమిన్ కలిపిన బఫర్‌లో ముంచి, వోల్టేజిని ఒకేచోట నిలిపితే గాఢతకు తగ్గట్టు కరెంటు చక్కగా పెరిగేది. ఆ సరళరేఖ చూసి మురిసిపోయాను. తర్వాత ఎలుక మెదడులోకి దింపినప్పుడు కరెంటు లేచింది. నోటుబుక్కులో వెంటనే ‘డోపమిన్’ అని రాశాను, సెమినార్ సారాంశంలోనూ అదే రాసి పంపాను.

ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒక్కటే అడిగింది: "బీకరులో ఆస్కార్బిక్ ఆమ్లం వేసి చూశావా?"

వేసి చూశాను. కరెంటు అచ్చం అలాగే లేచింది.

పూత లేని కార్బన్ మీద ఈ రెండూ దాదాపు ఒకే వోల్టేజి దగ్గర ఆక్సీకరణ చెందుతాయి. పైగా మెదడు కణాల మధ్య ద్రవంలో ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, డోపమిన్ కంటే వేల రెట్లు ఎక్కువ. అంతేకాదు, ఆక్సీకరణ చెందిన డోపమిన్‌ను అది మళ్లీ డోపమిన్‌గా మార్చేస్తుంది, అదే అణువు మళ్లీ లెక్కలోకి వస్తుంది. 1973లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ బృందం ఎలుక మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టి తీసిన సంకేతంలో ప్రధాన భాగం ఆస్కార్బిక్ ఆమ్లానిదేనని తర్వాత తేలింది. ఆ బృందం పత్రం నేను చదివాను, ఉటంకించాను కూడా. నన్ను ఇప్పటికీ బాధించేది అదే. దారి చూపినవాళ్లకు ఎదురైన గొయ్యి కళ్లముందే ఉన్నా, అది వాళ్ల కాలపు సంగతి అనుకున్నాను.

సన్నదనం ఇచ్చేది వేరే. కణజాలానికి గాయం తక్కువ. ఉపరితలం ఛార్జి కావడానికి ఖర్చయ్యే కరెంటు తక్కువ కాబట్టి వోల్టేజిని చాలా వేగంగా తిప్పవచ్చు. ఒక పదార్థాన్నే ఎంచి పట్టే గుణం మాత్రం మరోచోట నుంచి రావాలి. రుణావేశం ఉన్న నాఫియాన్ పూత వేస్తే, శరీర పీహెచ్ దగ్గర ధనావేశంతో ఉండే డోపమిన్ లోపలికి వస్తుంది, ఆస్కార్బిక్ ఆమ్లపు రుణావేశ రూపమైన ఆస్కార్బేట్ చాలావరకు బయటే ఆగుతుంది. లేదా సెకనుకు 400 వోల్టుల వేగంతో −0.4 నుంచి 1.3 వోల్టుల వరకు వెళ్లి వెనక్కి వస్తే, డోపమిన్ వెళ్లేటప్పుడు ఒక శిఖరం, వచ్చేటప్పుడు ఇంకొకటి చూపిస్తుంది. అయినా నోరడ్రినలిన్ గ్రాఫు ఆకారం దానికి ఎంతో దగ్గరగా ఉంటుంది. అందుకే మెదడులో ఏ చోట కొలిచామో, ఏ మందుకు సంకేతం ఎలా మారిందో కూడా చూడాలి.

సారాంశం వెనక్కి తీసుకోమని నిర్వాహకులకు రాశాను. ఆ గ్రాఫుల మీద ఇప్పుడు ‘ఆక్సీకరణ కరెంటు’ అని మాత్రమే ఉంది. నాఫియాన్ పూసిన పోగులతో కొలతలు మళ్లీ మొదటినుంచీ తీస్తున్నాను, ఈసారి ముందు ఆస్కార్బేట్‌తోనే.