తేనెకి మాత్రం మినహాయింపు

మందసలో కోవా వద్దనే మనిషి తగిలాడంటే కారణాలు రెండే. షుగరైనా వచ్చి ఉండాలి, లేదా అతను పథ్యేశ్వరరావైనా అయి ఉండాలి. ఈ పేరు నేను పెట్టింది. ఆధార్ కార్డులో వేరే ఉంటుంది, ఊరూరా ఇంటిపేరూ మారుతుంది. హరిపురం జంక్షన్‌లో టీకొట్టు బల్ల మీద, కాశీబుగ్గ బస్సులో కిటికీ పక్క సీట్లో, టెక్కలి పెళ్ళిపందిట్లో మీ పక్క విస్తరి ముందు మీకూ తగిలే ఉంటాడు. మా మందస పథ్యేశ్వరరావు రిటైరైన లెక్కల మాస్టారు. వాసుదేవ పెరుమాళ్ గుడి నుంచి ప్రసాదం ఇచ్చినా కళ్ళకద్దుకుని, "ఇందులో నెయ్యెంత?" అని ఆరా తీశాకే నోట్లో వేసుకుంటాడు.

మామూలు మనిషి పథ్యం పాటాలంటే జబ్బుండాలి. పసరికలొస్తే చప్పిడి తింటాడు, బాలింత కారం మానేస్తుంది, గడువు తీరగానే అంతా మరిచిపోయి నెత్తళ్ళ పులుసు పెట్టించుకుంటారు. పథ్యేశ్వరరావుది అలా కాదు. ఆయనకి ముందు పథ్యం వస్తుంది, దానికి తగ్గ జబ్బు తర్వాత తీరిగ్గా దొరుకుతుంది. పైగా ఆయన తిండి మానేది ఇంట్లో, చెప్పేది వీధిలో. మానడం కన్నా చెప్పడానికే ఎక్కువ ఓపిక ఖర్చవుతుందని నా అనుమానం.

తొలి పథ్యం ప్రకృతివైద్యులు మంతెన సత్యనారాయణరాజు గారిది. టీవీలో ఆయన నవ్వుతూ చెబుతుంటే ఆంధ్రదేశం సగం ఉప్పు డబ్బా మూత పెట్టేసిన రోజులు. మాస్టారింట్లోనూ ఉప్పు, నూనె, పంచదార వెలిపడ్డాయి. భార్య రెండు కుంపట్ల సంసారం మొదలుపెట్టింది: ఒకదాని మీద ఆయనకి ఉడికినది, రెండోదాని మీద మనుషులు తినేది. అయితే ఆ పథ్యంలో తేనెకి రాజమర్యాద ఉంది. పొద్దున్నే నిమ్మరసం, తేనె కలిపిన నీళ్ళు. ఉపవాసం నాడైతే రోజంతా అవే. మాస్టారు వారానికి ఒక ఉపవాసంతో మొదలెట్టి మూడుకి వెళ్ళిపోయాడు. ఊరంతా ఆయన నిగ్రహం చూసి నోరు తెరిచింది. నేను లెక్క వేశాను (ఆయన నేర్పిన లెక్కలే): తేనెలో సుమారు 80 పాళ్ళు చక్కెరలే, మిగతాది చాలావరకు నీరు. ఒక పెద్ద చెంచాడు 20 గ్రాములు అనుకుంటే 16 గ్రాముల చక్కెర. గ్లాసుకి రెండు చెంచాల చొప్పున ఆయన ఉపవాసం నాడు తాగిన గ్లాసుల్ని గుణించండి. అంత తీపి ఉపవాసం ఏ ఏకాదశికీ దక్కి ఉండదు.

తర్వాత 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి కొబ్బరినూనె పథ్యం వచ్చింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు విటమిన్ మాత్రలు. మా ఉద్దానంలో పుట్టినవాడికి కొబ్బరి అంటే సొంత బంధువు కదా, మాస్టారు ఉప్పొంగిపోయాడు. "తలకి రాసుకునేది తాగుతున్నారేటండీ" అని భార్య అడిగితే, "లోపలి తలకి రాసుకుంటున్నానే" అన్నాడు. ఇక్కడే చిక్కొచ్చింది. ఆ పథ్యంలో అన్నంతో, పంచదారతో, బెల్లంతో పాటు తేనె కూడా నిషేధం. రెండు రోజులు దిగులుగా తిరిగి, మూడో రోజు టీకొట్టు దగ్గర తీర్పిచ్చాడు:

"తేనె ఆహారం కాదర్రా. అనుపానం. ఆయుర్వేదంలో మందుని మోసేది. మోసేవాణ్ణి పెళ్ళి భోజనం లెక్కలో ఎవరన్నా రాస్తారా?"

మాట నిజమే, ఆయుర్వేదంలో తేనె అనుపానమే. అయితే ఆ ఆయుర్వేదమే తేనెని వేడి చెయ్యవద్దనీ, నెయ్యీ తేనే సమపాళ్ళలో కలపవద్దనీ గట్టిగా చెప్పింది. మాస్టారు మాత్రం మరిగే నీళ్ళలోనే కలుపుతాడు. శాస్త్రంలో తనకి కావలసిన పేజీ దాకా చదివి పుస్తకం మూసేసే విద్యలో ఆయనకి మించినవాడు ఈ తాలూకాలో లేడు.

ఆ పథ్యం 2018 అక్టోబరు 11న ఆగిపోయింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ పడగొట్టిన రోజది. కరెంటు లేదు, నీళ్ళు లేవు. వీధి వీధంతా ఒక్క గుండిగలో అన్నం, పప్పు వండుకుంది. మాస్టారూ ఆకు పట్టుకుని వరసలో నిలబడి రెండోసారి వడ్డించుకున్నాడు. ఇందులో ఏం వేశారని అడగలేదు. ఎవరూ ఆయన్ని అడగలేదు కూడా.

తేనె కొనడంలో మాత్రం ఆయన కాఠిన్యం చూసి తీరాలి. మహేంద్రగిరి వైపు నుంచి సవర కుర్రాడు వారపు సంతకి వస్తాడు, పాత సీసాల్లో కొండతేనె తెస్తాడు. పైన మైనం ముక్కలు, ఒక ఈగ రెక్క, ఎప్పుడైనా ఒక కాలు. మాస్టారు జేబులోంచి పరికరాలు తీస్తాడు. ఒక చుక్క గ్లాసుడు నీళ్ళలో వేస్తాడు, కరక్కుండా అడుక్కి దిగాలి. అగ్గిపుల్ల తల తేనెలో ముంచి గీస్తాడు, వెలగాలి. ఒక చుక్క కాగితం మీద పెడతాడు, ఇంకకూడదు. ఇంకోటి అరుగు మీద పెట్టి చీమల కోసం కూర్చుంటాడు. కుర్రాడు సగం సంత అమ్ముకుని వచ్చేసరికి కూడా పరీక్షలు అవవు.

"బాబూ, ఈగలు కుట్టిన చోటు చూపించమంటారా?" అని చొక్కా చెయ్యి పైకి లాగాడు ఒకసారి.

అసలు ఈ ఇంటి పరీక్షల్ని నమ్మడానికి లేదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) 13 బ్రాండ్ల తేనెని కల్తీ పట్టే ఎన్‌ఎమ్మార్ పరీక్షకి పెడితే మూడే నిలిచాయి. మామూలు లాబ్ పరీక్షలకి కూడా దొరక్కుండా చక్కెరపాకం తయారవుతున్న కాలంలో అగ్గిపుల్ల ఏం పట్టుకుంటుంది? ఈ మాటంటే మాస్టారు నా వైపు జాలిగా చూసి, చీమల వైపు తిరిగాడు.

తేనె విషయంలో ఆయన ఓడింది ఒక్కచోటే. మనవడు పుట్టినప్పుడు నాలిక మీద తేనె రాస్తానని ఉంగరం ముంచి సిద్ధంగా ఉంటే, ఆశా కార్యకర్త చెయ్యి పట్టుకుంది. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదని, అందులో ఉండే బాటులిజం బీజాలు పసి పేగుల్లో మొలకెత్తితే ప్రాణం మీదకొస్తుందని చెప్పింది. ఉంగరానికున్న తేనె వృథా పోకూడదని తానే నాకేశాడు.

ఇక మూడో పథ్యం, అసలైనది. ఆ మధ్య ఏం తిన్నా కడుపుబ్బరం. విశాఖపట్నంలో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేసి, డైటీషియన్ దగ్గరికి పంపితే ఆవిడ లో-ఫాడ్‌మ్యాప్ అని పట్టీ ఇచ్చింది. ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీవాళ్ళు తయారుచేసిన ఎలిమినేషన్ డైట్. రెండు నుంచి ఆరు వారాలు అనుమానితులందర్నీ తిండిలోంచి వెళ్ళగొట్టి, కడుపు నెమ్మదించాక ఒక్కొక్కర్నీ వెనక్కి పిలిచి ఎవరు దొంగో పట్టుకోవాలి. పట్టీ చూసి మాస్టారు కూలబడ్డాడు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, మామిడిపండు పోయాయి. పాలు పోతే కోవా పోయినట్టే. జీడిపప్పు పోయింది, అదీ పలాస పక్కన కాపురముంటూ. ఇవన్నీ తట్టుకున్నాడు. కానీ వాటి మధ్య తేనె కూడా ఉంది. ఇంకా ఘోరం, పంచదార లేదు. అంటే పంచదార తినొచ్చు!

ఏళ్ళ తరబడి ఊరంతటి చేతా పంచదార మాన్పించిన మనిషికి ఇంతకన్నా అవమానం ఉంటుందా? డైటీషియన్ విడమరిచి చెప్పింది. తేనెలో గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజ్ ఎక్కువ. గ్లూకోజ్ తోడుంటే ఫ్రక్టోజ్ చిన్నపేగు దాటి రక్తంలోకి సులువుగా వెళ్ళిపోతుంది. తోడు చాలక మిగిలింది కొందరికి పెద్దపేగులోకి జారి, అక్కడి బాక్టీరియాకి మేతై గ్యాసవుతుంది. పంచదారలో రెండూ సరిసమానం కాబట్టి ఆ గొడవ లేదు. ఇది పంచదార మంచిదని చెప్పడం కాదు, ఈ ఒక్క కేసులో అది ముద్దాయి కాదంతే.

"అనుపానమండీ" అన్నాడు మాస్టారు, నీరసంగా.

"కాకపోతే నేను ఏ మందూ ఇవ్వలేదు కదండీ, దేన్ని మోస్తుంది?" అందావిడ.

ఇంటికొచ్చాక సీసా వంటింట్లో మాయమై పూజగదిలో, పంచామృతం సామాను వెనక తేలింది. భార్య చూసింది.

"ఏటండీ ఇది? అన్నీ ఒగ్గేసి ఒక్క తేనె ఉంచుకుంటే, రేపు కడుపుబ్బితే దొంగెవరని చెప్తారు? దొంగని ఇంట్లో ఎట్టుకుని వీధంతా సోదా సేసినట్టుంది."

మూడు పథ్యాల మీద ఊళ్ళో జరిగిన చర్చలన్నింటిలోనూ ఇంత సూటి మాట నేను వినలేదు. ఎలిమినేషన్‌లో తేనె ఉండొచ్చా అనే ప్రశ్నకి డైటీషియన్ చెప్పే జవాబూ ఇదే: ఇప్పుడు తియ్యాలి, తర్వాత పరీక్షకి పిలవాలి, నిలబడితే మళ్ళీ హాయిగా తినాలి. సీసా బీరువాలోకి, తాళం భార్య కొంగుకి వెళ్ళాయి.

ఒక్క సంగతి ఆయన తరఫున చెప్పాలి. పలాస బస్సులో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎక్కుతారు. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. గ్లాసు నీళ్ళు కూడా కొలుచుకుని తాగే మనుషులు వాళ్ళు. వాళ్ళెక్కితే మాస్టారు సీటిచ్చి నిలబడతాడు, దిగేదాకా తిండి మాట ఎత్తడు. ఆయన్ని పూర్తిగా వెక్కిరించడానికి నాకు నోరు రానిది అందుకే.

నాలుగు వారాలకి కడుపు నెమ్మదించింది. ఇక వెనక్కి పిలిచే ఘట్టం: ఒకసారికి ఒక్క వస్తువు, మూడు రోజులు కొంచెం కొంచెం పెంచుతూ. మొదటి పిలుపు ఎవరికో చెప్పక్కర్లేదు. మొదటి రోజు చెంచాడు తేనె, ఏమీ కాలేదు. రెండో రోజు రెండు చెంచాలు, ఏమీ కాలేదు. మూడో రోజు హరిపురంలో పెళ్ళి. తేనెతో పాటు జీడిపప్పు పకోడీ, ఉల్లిపాయ పెరుగుపచ్చడి, నాలుగు కోవాబిళ్ళలు కూడా పరీక్షకి హాజరయ్యాయి. రాత్రంతా మాస్టారు వరండాలో పచార్లు చేశాడు. తెల్లారి నోటుబుక్కులో ఎర్రసిరాతో రాసుకున్నాడు: "తేనె నిర్దోషి. వంటవాడు దోషి."

ఇప్పుడు ఆ పట్టీకి జెరాక్సులు తీయించి హరిపురం జంక్షన్‌లో కడుపుబ్బరం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ పంచుతున్నాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. మామిడిపండుకీ పాలకీ మధ్య ఒక వరస తెల్లగా ఉంది.

"మాస్టారూ, ఇక్కడేదో ఉండాలి కదండీ?"

"ఉండేదయ్యా. అచ్చుతప్పు. నేనే దిద్దాను."