బెల్‌బాటమునకు రక్షిత హోదా: పురావస్తు శాఖాధిపతివారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పురావస్తు శాఖాధిపతివారి సముఖమునకు, గోదావరి ఒడ్డున, అడవి అంచున నివసించు ఒక వృద్ధ పౌరుడు చేసికొను విన్నపము.

అయ్యా,

అర్జీలు పెట్టుకొనుటలో మా ప్రాంతమువారికి ఘనమైన సంప్రదాయము కలదు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు పైకముతో భద్రాచలమున గుడి కట్టించి, తత్ఫలితముగా గోలకొండ చెరసాల చేరిన కంచర్ల గోపన్నగారు, తానీషాకు చెప్పుకొనవలసిన లెక్కలను సాక్షాత్తు శ్రీరామచంద్రునికే పద్దులవారీగా వినిపించి, ఏ నగకెంత పట్టినదో ఎత్తిపొడిచి, పై అధికారి యెంతటివాడైనను నిలదీయుటకు జంకరాదని మాకు నేర్పిపోయినారు. వారి ధైర్యమున వీసమెత్తు అరువు తెచ్చుకొని ఈ లేఖ వ్రాయుచున్నాను.

నా కోరిక స్వల్పము. 1970వ దశకమున మా యౌవనమునకు అలంకారములైన బెల్‌బాటము ప్యాంటును, ఏనుగుచెవుల కాలరు చొక్కాను, చెవులు కప్పు హిప్పీ క్రాపును, వాణిశ్రీ కొప్పును, మర్ఫీ రేడియోను తమ శాఖవారు పురావస్తువులుగా ప్రకటించి కాపాడవలెను. 1972 నాటి చట్టము ననుసరించి వస్తువు పురావస్తువగుటకు 100 ఏండ్లు నిండవలెననియు, విలువగల వ్రాతప్రతులకు మాత్రము 75 ఏండ్లు చాలుననియు ఎరుగుదును. మా ప్యాంటులు వ్రాతప్రతులు కాకపోయినను, వాటిపై మా పెద్దలు చేసినన్ని వ్యాఖ్యానములు ఏ ప్రబంధమునకును లేవు గనుక, ఆ సడలింపును మాకును వర్తింపజేయ ప్రార్థన.

రేపు బెల్‌బాటమును అద్దాల బీరువాలో చూడబోవు పరిశోధకుల సౌకర్యార్థము కొంత వివరము మనవి చేసెదను. తొడలకడ ఊపిరాడనంత బిగువుగాను, మోకాలి దిగువనుండి క్రమక్రమముగ విప్పారి పాదమును సమూలముగ మ్రింగునట్లును కుట్టబడిన ఆ వస్త్రమునకు టెరికాటను గుడ్డ శ్రేష్ఠము. దర్జీ టేపు చేతబట్టి అంచు ఎంత యుంచమందువని అడిగినప్పుడు, స్నేహితుడు అంతకు మునుపు కుట్టించుకొన్నదానికంటె రెండంగుళములు హెచ్చుగా చెప్పుట మర్యాద. నేలను రాచుకొని అంచు పీలికలు కాకుండ, పాడైన జిప్పును రెండుగా చీల్చి, ఆ పండ్ల పట్టీని లోపలివైపున చుట్టును కుట్టించుకొనెడివారము. సైకిలెక్కినచో కుడికాలి అంచు చైనులో చిక్కుకొని, గ్రీజు ముద్ర పడినగాని విడుదల పొందెడిది కాదు. వానకాలమున మా ఎర్రమట్టి దారులలో నడచి ఇల్లు చేరునప్పటికి ఒక్కొక్క కాలితో అరతట్ట మన్ను వచ్చెడిది. ‘ఆ క్రింది గుడ్డతో తమ్మునికొక నిక్కరు వచ్చును గదరా!’ అని తండ్రులు వాపోవుట ఇంటింట వినబడెడి మాట.

ఈ వేషము మద్రాసున తెరపై పుట్టి, బెజవాడ మీదుగా ఖమ్మము చేరి, సింగరేణి జీతములు ముట్టిన వారము కొత్తగూడెము దర్జీలచేత ఆమోదము పొంది, 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన గోదావరి వంతెన దాటి భద్రాచలము చేరునప్పటికి, మద్రాసున అది పాతబడియే యుండెడిది. 1977లో ‘అడవిరాముడు’ చిత్రమున రామారావుగారు అట్టి ప్యాంటులతోనే అడవి నేలినప్పుడు మా తండ్రుల వాదము సగము చచ్చినది. ఎవరిని రాముడుగా కొలిచిరో ఆ మహానుభావుడే మా పక్షము చేరెను గదా! ఆ అడవి తమిళదేశమందలి ముదుమలై అని పిదప తెలిసినది. మా తుప్పలలో, ముండ్లకంపలలో ఆ ప్యాంటుతో పదడుగులు నడచినవాడు ఆ సంగతి ఒకరు చెప్పకయే గ్రహించియుండవలసినది.

అయితే ఆనాటి యువజనమంతయు ఒక్క తీరుగ నుండెనని తమరు భ్రమపడరాదు. పాల్వంచ విద్యుత్కేంద్రమున స్థానికుల కొలువులను గూర్చిన తగవుతో రాజుకొన్న 1969 ఉద్యమమున వీధికెక్కిన కుర్రవాండ్రలో కొందరు పిమ్మట గడ్డము పెంచి, లాల్చీ తొడిగి, భుజమునకు జోలెసంచి తగిలించి, సినిమా పాటను విడిచి, గొంగడి భుజముపై వేసికొని గజ్జెకట్టి ఆడిన గద్దరు బాటను అభిమానించిరి. ఒకే వీధిలో అన్నకు జోలెసంచి, తమ్మునికి బెల్‌బాటము. ఆ యిరువురిని చూచి పెద్దలన్నది ఒక్కటే మాట: ‘కాలము చెడినది.’ ఇప్పుడు ఆ మాట అనవలసిన వంతు మాకు వచ్చినది. మేమును లోటు చేయుటలేదు.

ఇక సంగీతము. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. తరువాత ఖమ్మము జిల్లాలోనిది. 2014లో చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా, 2016లో ఊరు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు వచ్చినది. కదలక మెదలక కూర్చున్న ఊరిని గీతలిన్నిసార్లు దాటినవి గాని, రేడియో తరంగము ఏనాడును ఏ గీతను పాటింపలేదు. ఆనాడు తపాలా కచేరిలో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పొందిన పెట్టె వీధికొక్కటి. దాని యజమాని గవర్నరువంటివాడు. తెల్లవారి విజయవాడ కేంద్రమునుండి బాలమురళీకృష్ణగారి గొంతున రామదాసు కీర్తన, శ్రీరామనవమినాడు మా ఊరి కల్యాణమునే మాకు కన్నులకు కట్టించు ఉషశ్రీగారి వ్యాఖ్యానము, సింహళమునుండి మీనాక్షీ పొన్నుదురైగారు ప్రేమతో పంపు సినిమా పాట, వాటి నడుమ ధాన్యపు ధరలు, పొలము కబుర్లు. మాకు కావలసినది బాలసుబ్రహ్మణ్యముగారి హుషారు పాటయే. కాని అది వచ్చులోపల వచ్చినదెల్ల వినక తప్పెడిది కాదు. వినదలచినదానికై కాచుకొని, వినదలపనిదానిని విని, తుదకు దానికిని అలవాటుపడితిమి. 1980లో ‘శంకరాభరణము’ వచ్చినప్పుడు, పాశ్చాత్యపు పాటలకు చిటికెలు వేయు మా బెల్‌బాటములు గుంపులుగా హాళ్ళకు పోయి మంత్రముగ్ధులై కూర్చున్నవన్నచో, అందుకు కారణము, తెలియకయే మా చెవులు తయారైయుండుటయే.

నేటి సంగతి తమకు నివేదింపనక్కరలేదు. ఒక గదిలో నలుగురు, చెవికొక తీగ, తీగకొక లోకము. ఏ పాట ఒకసారి నచ్చినదో దాని సోదరులను, దాయాదులను యంత్రమే వెదకి వరుసగా వినిపించును, నచ్చనిది దరిజేరదు. ఇంటిలో మౌనము, పెండ్లి ఊరేగింపులో మాత్రము డీజే: గుండె కుడివైపునకు పోవునా యన్నంత చప్పుడు. మధ్యస్థాయి యనునది అంతరించినది.

ఇంతమాత్రముచేత మా కాలమునకు పట్టము కట్టుట న్యాయము కాదు. రేడియోను పంచుకొన్నది మా హృదయవైశాల్యముచేత గాదు, రెండవదానిని కొను స్తోమతు లేకపోవుటచేత. ఆ పెట్టెలోనికి రానిది మరియొకటి కలదు. కొలుపు రాత్రులలో నది కిరుగడలనుండు కోయగూడెముల డోలు మ్రోత, తలపై అడవిదున్న కొమ్ములు ధరించి ఆడు కొమ్ముకోయల అడుగుల చప్పుడు మాకు స్పష్టముగనే వినవచ్చెడివి. కాని మా తరము దానిని ‘వారి గోల’ యని కిటికీ మూసినది. డోలు కొట్టి సమ్మక్క సారలమ్మల కథను తరతరముల జ్ఞాపకమునుండి పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు గదా ఆ కిటికీ తెరచినారు పెద్దమనుషులు కొందరు! మా కోయ పిల్లలు నేడు తమ డోలును, తమ ఆటను తామే సెల్లుఫోనులో చిత్రించి, ఎవరి సిఫారసు లేకుండ లోకమున కెక్కించుచున్నారు. ఇందున ఆ తీగ మా రేడియోకంటె నయము.

పైగా, అర్జీ సగములో నుండగనే మరియొక చిక్కు వచ్చిపడినది. మా మనుమరాలు హైదరాబాదునుండి వచ్చి దిగినది; చూతునుగదా, కాళ్ళకు సరిగ్గా అదే ప్యాంటు! ‘ఇది కొత్త మోడలు తాతయ్యా, నీకు తెలియదులే’ యన్నది. వాడుకలోనున్న వస్తువును పురావస్తువని ప్రకటింపుడని తమరిని కోరుట యెట్లు? అంచున జిప్పు పట్టీ వేయించుకొమ్మని మాత్రము చెప్పితిని, వినలేదు.

కావున నా ప్రార్థనను సవరించుకొనుచున్నాను. ప్యాంటు తనంతట తాను రక్షణ పొందినది; క్రాపు తిరిగి వచ్చినను నిలుచుటకు మా తలలపై చోటులేదు. నిజముగ శిథిలమగుచున్న కట్టడము ఇతరుని ఎంపికను కాసేపు ఓర్చుకొను గుణమొక్కటి. మా పెద్దలకును అది లేదు. మాకు పేదరికము బలవంతముగ నేర్పినది. మా పిల్లలకు కలిమి మరపించినది. పేదరికమును మరల తెమ్మనను. తమరి ప్రదర్శనశాలలలో ఏదేని ఒకదాన ఒక్క గది యిప్పించుడు. వారమున కొకమారు అందు ఒక ముసలివాడు, ఒక కాలేజీ కుర్రది, ఒక గూడెపు డోలువాడు కూర్చుండి వంతులవారీగా తమకు నచ్చినది వినిపింపవలెను. ఇతరుల వంతు ముగియువరకు లేచిపోరాదు. సెల్లుఫోనులు గుమాస్తావద్ద నుంచవలెను. ‘మా కాలములో’ యని మొదలుపెట్టిన ముసలివాని వంతు రద్దుచేయవలెను. ఈ చివరి నిబంధనను మొట్టమొదట నాపైననే అమలుపరచవచ్చును, అభ్యంతరము లేదు.

గోపన్నగారి లెక్కలకు జవాబు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టినదని మావారు చెప్పుకొందురు. నా వయస్సు దృష్ట్యా తమరు కొంచెము త్వరపడగోరుదును.

ఇట్లు,
తమ విధేయుడు,
పూర్వాశ్రమమున బెల్‌బాటముధారి