చెవిలో నేనుంటే

పుంగనూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ అంగట్లో కొక్కేనికి వేలాడుతుండగా ఒక అమ్మాయి నన్ను కొనుక్కుంది. నేను వైరున్న ఇయర్‌ఫోన్‌ని. చెవుల్లో పెట్టుకునే బుడిపెలు రెండు, గొంతు దగ్గరికి వచ్చే మైకు ఒకటి. ఆమెది సదుం మండలంలో పల్లె, మదనపల్లెలో నర్సింగు చదివింది. పాటలు వింటుందనుకున్నాను. ఆ రాత్రి మిద్దె మీద, సిగ్నల్ అందే మూలన కూర్చుని ఆమె నాలోంచి విన్న తొలి గొంతు ఒక స్పెయిన్ కుర్రాడిది. జర్మనీలో దిగిన రోజే సంచి పోగొట్టుకున్నాడు.

అది 'నీకోస్ వేక్'. డాయిచె వెలె అనే జర్మన్ ప్రసార సంస్థ ఉచితంగా ఇచ్చే పాఠం. మొదటి మెట్టు ఏ1 నుంచి బీ1 దాకా కథలా సాగుతుంది. ఆ కుర్రాడు నీకో తన టాంటె యారాను వెతుక్కుంటూ తిరుగుతాడు. అమ్మాయి ఆ కథ చెబితే అవ్వ, "టాంటె అంటే మేనత్తా, పిన్నమ్మా?" అనింది. "అన్నిటికీ అదే మాట అవ్వా." "అట్లయితే వరస ఎట్ల తెలస్తాదే?" అని అవ్వ చాలాసేపు బాధపడింది. ఒక జాతి సంసారం గురించి ఆ ఒక్క మాటతో అమ్మాయికి తెలిసింది ఏ వ్యాసం చదివినా తెలిసేది కాదని నా నమ్మకం.

నాకు అక్షరాలు తెలియవు, శబ్దమే తెలుసు. అందుకే ఆమె ఎక్కడ తడబడిందో ముందు నాకే తెలిసేది. జర్మన్లు 'జెడ్'ను 'ట్స్' అంటారు. ఇంగ్లిష్ అలవాటుతో ఆమె కాలాన్ని 'జైట్' అని పలికేది, కావలసింది 'ట్సైట్'. ఒక సాయంత్రం అవ్వ "చాపెయ్యి మే" అని కేకేసింది. అమ్మాయి చప్పున ఆగిపోయింది. చాప, చుక్క, చాలు అన్నప్పుడు మన నోట వచ్చే చకారం ఆ 'ట్స్' కాక మరేమిటి! అవ్వ నోట్లో ఉన్నదాన్ని తను దేశం దాటి వెతుకుతోంది. ఆ తర్వాత ఆ అక్షరం దగ్గర మళ్లీ తడబడలేదు. పెదవులు 'ఊ' అన్నట్టు చుట్టి లోపల 'ఈ' అనాల్సిన అచ్చుకు మాత్రం నెల పట్టింది.

వ్యాకరణంలోనూ తెలుగు ఆమెకు తోడొచ్చింది. 'వైల్' అనే మాటతో కారణం చెబితే క్రియ వాక్యం చివరికి పోతుంది: 'వైల్ ఈష్ మ్యూడె బిన్', అలసిపోయాను గనక. అందులో 'బిన్' క్రియ. ఇంగ్లిష్ మీదుగా వచ్చేవాళ్లు ఇక్కడ తికమకపడతారు, క్రియ చివరికి వచ్చే భాషలో పుట్టినవాళ్లకు అది ఇంటి దారి. ఆడపిల్లను చెప్పే 'మేడ్‌షెన్' నపుంసకలింగమంటే ఆమె ఆశ్చర్యపోలేదు. పాప వచ్చింది, ఆవు వచ్చింది అనేవాళ్లమే కదా మనమూ. 'జీ', 'డూ' అంటే మీరు, నువ్వు. అది ఒకరు నేర్పాల్సిన పని లేదు.

కష్టపెట్టినవి అంకెలు. జర్మన్లు 67ను 'ఏడూ అరవై' అంటారు, 76ను 'ఆరూ డెబ్బై' అంటారు. రోగి నాడి రాసే నర్సుకు ఇది మార్కుల సంగతి కాదు. మామిడితోట గట్టు మీద నడుస్తూ నాలోంచి అంకెలు విని గాల్లో వేలితో రాసుకునేది.

బీ1 దాటాక, డాయిచె వెలె నిదానంగా చదివి వినిపించే వార్తలు పట్టుకుంది. 'ఈజీ జర్మన్' వీడియోల్లో వీధిలో పోయేవాళ్లను ఆపి మాట్లాడిస్తారు. అక్కడ మాట మింగేసేవాళ్లు, నవ్వుతూ మాట్లాడేవాళ్లు, వెనక ట్రామ్ చప్పుడు. అసలు భాష అక్కడే ఉంది. 1971 నుంచి వస్తున్న, ఎలుక పేరుతో నడిచే జర్మన్ పిల్లల కార్యక్రమమూ విన్నాం. అందులో ముందుమాట జర్మన్‌లో ఒకసారి, వేరే దేశపు భాషలో ఒకసారి చెబుతారు. కొత్తగా వచ్చిన వాళ్ల పిల్లలనూ కూర్చోబెట్టుకునే ఆ అలవాటు నాకు చాలా నచ్చింది.

బెంజమిన్ షుల్ట్‌జె సంగతి కూడా నాలోంచే విన్నది. మద్రాసులో తెలుగు నేర్చుకుని ఊరికి తిరిగి వెళ్లిన ఆ జర్మన్ మతప్రచారకుడు 1746లో హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చుకు అదే ఆరంభం. ఆయనకు రికార్డు చేసిన గొంతు ఏదీ లేదు. ఎదురుగా మనిషి ఉండాలి, ఆ మనిషికి ఓపిక ఉండాలి. ఆ రాత్రి అమ్మాయి నన్ను చెవుల్లోంచి తీసి చాలాసేపు అరచేతిలో పట్టుకుంది.

జర్మనీలో నర్సుగా గుర్తింపుకు మామూలుగా బీ1 పై మెట్టు బీ2 అడుగుతారు. పరీక్షకు నెల ముందు నా వైరు మంచం కోడుకు చిక్కుకుని ఎడమ బుడిపె మూగబోయింది. ఒంటిచెవితోనే చదివింది. పరీక్ష గదిలోకి నాకు ప్రవేశం లేదు. సంచిలో, చీకట్లో కూర్చున్నాను. వినడం, చదవడం, రాయడం గట్టెక్కాయి. మాట్లాడటం 60 మార్కులు అందుకోలేదు. ఏ భాగానికి ఆ భాగమే మళ్లీ రాయొచ్చు గనక మిగిలింది ఆ ఒక్కటే. ఏడాదిన్నర ఆమె చెవిలో మాట్లాడినవాళ్లలో ఒక్కరూ ఆమె జవాబు కోసం ఆగలేదు. ఆ లోటు నాదే అనిపించింది.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు జర్మనీలో పనిచేసే సీనియర్ అక్క ఫోన్ చేస్తుంది. పక్కన ఆమె పొరుగింటి ముసలామె. మొన్న నా మైకుకు చేతినిండా పని దొరికింది. అమ్మాయి ఏదో అంది. అటునుంచి "వీ బిట్టె?", అంటే ఏమన్నారు, అని వినబడింది. మళ్లీ నిదానంగా చెప్పింది. ఇంతలో కొట్టంలో ఆవు అరిచింది. ఏమిటా చప్పుడని ముసలామె అడిగింది.

"డాస్ ఇస్ట్ ఉన్‌జెరె కూ," అనేసింది అమ్మాయి, ఒక్క క్షణమైనా వెతుక్కోకుండా. ఆవు పేరేమిటని అటునుంచి ఇంకో ప్రశ్న వచ్చింది.