లైను చివరి కుళాయి

గుంటూరు నగరపాలక సంస్థకు 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో తీరిపోయింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చి 10న. నడుమ పదేళ్ళకు పైగా ఈ ఊరికి మేయరు లేరు, కార్పొరేటర్లు లేరు. ఆ పదేళ్ళూ నేను సంతోషించాను. నా మూర్ఖత్వం గురించి చెప్పుకోవాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫైలు కదలడం, సంతకం పడటం, పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవడం, పరిపాలన అంటే ఇంతేనని నా నమ్మకం. కౌన్సిల్ సమావేశంలో సభ్యులు మేయరు కుర్చీ చుట్టూ చేరి కేకలు వేశారని పేపర్లో చదివినప్పుడల్లా ఒళ్ళు మండేది. ప్రత్యేకాధికారి పాలన వచ్చాక ఆ వార్తలు ఆగిపోయాయి. చదువుకున్న ఐఏఎస్ అధికారులు చూసుకుంటున్నారు, ఇక ఊరు బాగుపడుతుందనుకున్నాను. ఎన్నికలు ఎప్పుడు పెడతారో అని ఎవరైనా అంటే, 'ఎందుకండీ మళ్ళీ ఆ గోల' అని అడ్డు తగిలేవాణ్ణి. మాట్లాడినంతసేపూ నా గొంతులో ఎంత నిబ్బరమో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన రాజ్యాంగ 74వ సవరణ సంగతి నాకు తెలియంది కాదు. పురపాలక సంఘం గడువు అయిదేళ్ళనీ, ఆ గడువు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తికావాలనీ 243-యు అధికరణం చెబుతుంది. పదోన్నతి పరీక్షకు చదువుకున్న రోజుల్లో నోటికి వచ్చేది. మా ఊళ్ళో ఆ అధికరణం ఏళ్ళ తరబడి అమలు కాకపోతే నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

2012లో చుట్టుపక్కల పది గ్రామాలను నగరంలో కలిపారు. నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, పొత్తూరు, బుడంపాడు లాంటివి. అక్కడివాళ్ళకు పంచాయతీ పోయింది, సర్పంచి పోయాడు. వాళ్ళ తరఫున నిలబడే కార్పొరేటరు మాత్రం 2021 దాకా రాలేదు. పన్ను కట్టాల్సిన ఆఫీసు మారింది గానీ, 'మా వీధికి ఇది కావాలి' అని సభలో లేచి అడిగే మనిషి తొమ్మిదేళ్ళపాటు లేడు. నేను గోల అన్నది వాళ్ళకు దక్కకుండా పోయిన ఆ గొంతునే. కౌన్సిల్లో కేకలు వేసేవాళ్ళంతా మహానుభావులని ఇప్పుడూ అనను. కాంట్రాక్టుల కోసం అరిచేవాళ్ళు ఉంటారు, పేపర్లో పేరు కోసం అరిచేవాళ్ళూ ఉంటారు. కానీ నీళ్ళందని వీధి సంగతి బడ్జెట్ కాగితం మీదకు ఎక్కాలంటే ఎవరో ఒకరు నలుగురిలో అడగాలి. అడగకపోతే ఆ వీధి ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా ఇంటి మోటారు చెప్పింది.

మా ఊరి నీళ్ళు కృష్ణవి. ఉండవల్లి దగ్గర నదిలోంచి తోడి తక్కెళ్ళపాడు పంపి, అక్కడ శుద్ధి చేసి ఊళ్ళోకి వదులుతారు. సంగంజాగర్లమూడి నుంచీ ఇంకొంత వస్తుంది. అంత దూరం నుంచి తెచ్చిన నీళ్ళు రోజల్లా గొట్టాల్లో ఉండవు. వేళ పెట్టి కాసేపు వదులుతారు. ఆ కాసేపట్లో ఎవరికి ఎన్ని అందుతాయన్నది వాళ్ళ ఇల్లు ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. మా ఇల్లు లైను మధ్యలో. మాకు నీళ్ళు మామూలుగానే అందేవి. అయినా పైన ట్యాంకు తొందరగా నిండాలని కుళాయి గొట్టానికే నేరుగా హాఫ్ హెచ్‌పీ మోటారు బిగించాను. సంపు కట్టించి, అందులో పడ్డ నీళ్ళను పైకి తోడుకుంటే అది పద్ధతి. సంపుకు ఖర్చవుతుంది, వాకిట్లో చోటు పోతుంది. వీధిలో చాలామంది నేరుగానే బిగించుకున్నారు, నేనూ బిగించాను. అది నిబంధనలకు విరుద్ధమని తెలుసు. పట్టుకుంటే మోటారు తీసుకుపోతారనీ తెలుసు. అందుకే గేటుకు కనపడకుండా మెట్ల కింద పెట్టించాను.

లైను చివర ఇంట్లో ఇస్త్రీ పని చేసుకునే ఆవిడ ఉంటుంది. ఒకనాడు గేటు దగ్గర ఆగి, 'బాబాయిగారూ, ఇవాళ మీకు నీళ్ళు వచ్చాయా?' అంది.

'వచ్చాయమ్మా. ఏం?'

'మాకు రావట్లేదండీ. సన్నగా వచ్చి ఆగిపోతున్నాయి. అర్జీ పెడదామంటే నాకు రాయడం రాదు.'

నేనే రాసిపెట్టాను. కుదురుగా, పాయింట్ల వారీగా రాశాను. లైన్లో ఎక్కడో లీకు ఉండవచ్చనీ, వాల్వు సరిగా తిప్పడం లేదేమోననీ, తక్షణం తనిఖీ చేయాలనీ. ఆవిడ వేలిముద్ర వేసి, రెండు చేతులూ జోడించి వెళ్ళింది. సాయం చేశానన్న తృప్తితో ఆ పూట కడుపు నిండినట్టే ఉంది. మెట్ల కింద మోటారు మాత్రం ఎప్పటిలాగే మర్నాడు పొద్దున్నా నడిచింది. ఆ రెండింటికీ సంబంధం ఉందన్న ఊహే నాకు రాలేదు. నాకు వచ్చే నీళ్ళు మున్సిపాలిటీ ఇచ్చేవి, ఆవిడకు రాని నీళ్ళు మున్సిపాలిటీ ఇవ్వనివి, నా లెక్క అంతే. ఎంత లాగినా మున్సిపాలిటీ నుంచే లాగుతున్నాననుకున్నాను. నేను లాగింది ఆవిడ బిందెలోంచి.

దానికన్నా పెద్ద సంగతి మరొకటుంది. 2018 మార్చిలో పాతగుంటూరు, ఆనందపేట వైపు అతిసారం ప్రబలింది. తాగునీటిలో మురుగు కలిసింది. పదిమందికి పైగా చనిపోయారు. ఆసుపత్రి మంచాలు చాలక జనం పడ్డ అవస్థ టీవీలో చూశాను. ఆ రోజుల్లో పొద్దున నడకకు వెళ్ళే చోట ప్రజారోగ్య శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు కలిసేవారు. 'అక్కడి గొట్టాలు పాతవి కదండీ, తెగతవ్వి పగలగొట్టి ఉంటారు' అని నేనన్నాను. ఆయన నన్ను తప్పుపట్టలేదు. గొట్టంలో ఏం జరుగుతుందో మాత్రం చెప్పారు.

రోజంతా నిండుగా ఉండే గొట్టంలో నీళ్ళు లోపలినుంచి బయటికి నెడుతుంటాయి. చిల్లు ఉంటే నీళ్ళు కారతాయి, బయటి మురికి లోపలికి రాలేదు. వేళ పెట్టి వదిలే గొట్టం సంగతి వేరు. సరఫరా ఆగగానే అది ఖాళీ అవుతుంది. దాని మీద మోటారు కూడా పెట్టి లాగితే లోపలి పీడనం బయటి గాలికన్నా తగ్గిపోతుంది. అప్పుడు జాయింటు దగ్గర, తుప్పుపట్టిన చోట, చుట్టూ ఉన్న తడి లోపలికి పీల్చుకుపోతుంది. మన ఇళ్ళకు వచ్చే సన్న గొట్టాలు సైడు కాలువ దాటుకునే కదా వస్తాయి, ఆ చుట్టూ ఉన్న తడి ఏమిటో చెప్పక్కర్లేదన్నారు. పీల్చిన ఇంట్లోకే అది వస్తుందని కూడా లేదు, అదే గొట్టం మీద ఉన్న ఎవరింటికైనా పోవచ్చు.

ఆనందపేటలో జరిగింది మోటార్ల వల్లేనని ఆయన అనలేదు, నేనూ అనను. భూగర్భ డ్రైనేజీ కోసం ఊరంతా తవ్విన కాలమది. 900 కోట్ల పైచిలుకు అంచనాతో మొదలైన ఆ పనులు తర్వాత మధ్యలోనే ఆగిపోయాయి. కానీ మా వీధిలో అలాంటిది జరగకపోవడం నా గొప్ప కాదని ఆ పూట తెలిసింది. నా ఇంటి ముందూ కాలువ ఉంది. ఆ కాలువలోంచే నా గొట్టం వస్తుంది. కారు ఎక్కించడానికి కాలువ మీద నిండా స్లాబు వేయించింది నేనే, పారిశుద్ధ్య కార్మికులు పూడిక తీయడానికి సందు కూడా వదల్లేదు. నిలవున్న మురుగు, అందులో మునిగిన గొట్టం, దానికి మోటారు. మూడూ నేను కూర్చిపెట్టినవే. మనవరాలు సెలవులకు వచ్చి ఆ నీళ్ళే తాగి వెళ్ళింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయినా మోటారు వెంటనే తీసేశానా అంటే, లేదు. అందరూ తీస్తే తీద్దామనుకున్నాను. ఈ మాట రాయకుండా దాటేయవచ్చు, కానీ నా మూర్ఖత్వంలో అన్నిటికన్నా చెడ్డ భాగం అదే. తెలియక చేసినదానికి తెలియదని చెప్పుకోవచ్చు. తెలిశాక ఎదురింటివాడి వైపు చూస్తూ కూర్చోవడాన్ని ఏమని చెప్పుకోను?

పన్ను విషయంలోనూ ఇదే వరస. ఆదాయపు పన్ను కడుతున్నాను, జీఎస్టీ కడుతున్నాను, బండికి జీవితకాలపు పన్ను కట్టాను, మళ్ళీ ఇంటిపన్ను ఏమిటని వాదించేవాణ్ణి. బ్యాంకువాణ్ణి, ఏ డబ్బు ఏ ఖాతాలోకి పోతుందో తెలిసి ఉండాల్సినవాణ్ణి. ఆదాయపు పన్ను కేంద్రం వసూలు చేస్తుంది, జీఎస్టీని కేంద్రమూ రాష్ట్రమూ పంచుకుంటాయి, బండి పన్ను రాష్ట్రానికి. వినోదపు పన్ను 2017లో జీఎస్టీలో కలిసిపోయింది. నగరం తన చేత్తో విధించి తన దగ్గరే ఉంచుకోగలిగినది ముఖ్యంగా ఇంటిపన్నే. వీధి దీపం, చెత్తబండి, కాలువ పూడిక అన్నీ చాలావరకు దాని మీదే ఆధారపడ్డాయి. మా మేడమీది అంతస్తు మాత్రం ఏళ్ళ తరబడి పన్ను లెక్కలోనే లేదు. కొలతలకు వచ్చినప్పుడు అది ట్యాంకు కోసం వేసిన గది అని చెప్పాను. కింద వాటాకు పడ్డ పన్నయినా వేళకు కట్టలేదు. బకాయిల మీద వడ్డీ మాఫీ చేస్తారేమోనని మార్చి దాకా చూసేవాణ్ణి. రుణమాఫీ వల్ల కట్టేవాళ్ళ అలవాటు చెడిపోతుందని బ్యాంకులో బల్ల గుద్ది చెప్పింది ఈ నోరే.

2021 నుంచి అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కగట్టడం మొదలైంది. ఇళ్ళకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా అన్నారు, ఏడాదికి 15 శాతం మించి పెంచబోమన్నారు. వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తే మొదటి సంతకం నేనే పెట్టాను. ఆ వ్యతిరేకతలో న్యాయం లేదనడం లేదు. రిజిస్ట్రేషన్ విలువ పెంచినప్పుడల్లా పన్నూ పెరిగితే, పింఛను తప్ప మరో రాబడి లేని మనిషి ఉన్న ఇల్లు ఎలా నిలుపుకుంటాడన్న ప్రశ్న ఇప్పటికీ గట్టిదే. అయితే ఆ ప్రశ్న అడిగే హక్కు అంతస్తు దాచినవాడికి లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది చిన్న మొత్తం. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఉద్యోగం లేని రోజుల్లో జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని, పేపర్లూ పోటీ పరీక్షల పుస్తకాలూ ఉచితంగా చదువుకుని బ్యాంకు పరీక్ష రాశాను. ఫ్యాను కింద చోటు దొరకాలని తలుపు తెరవకముందే వెళ్ళి నిలబడేవాళ్ళం. ఆ ఉద్యోగంతోనే ఈ ఇల్లు కట్టాను. ఆ ఇంటి పన్ను దాచి, ఆ గ్రంథాలయానికి పోవలసిన ఎనిమిది పైసలూ దాచాను.

2021 మార్చి 10న ఓటు వేయడానికి కూడా నేను వెళ్ళలేదు. ఎవరు గెలిస్తే ఏమిటన్నాను. ఇస్త్రీ ఆవిడ పని మానుకుని వెళ్ళి వేసి వచ్చింది.

ఇప్పుడు మోటారు లేదు. వాకిట్లో సంపు తవ్వించాను. కుళాయి తనంతట తానుగా దాంట్లోకి పారుతుంది, ట్యాంకు నిండటానికి కాస్త ఆలస్యమవుతుంది. కాలువ మీద స్లాబు కొట్టించి, పైకి లేపగలిగే ఇనుప జాలీ వేయించాను. మేడమీది అంతస్తు కొలతలు వార్డు సచివాలయంలో నేనే రాసిచ్చాను. అనుమతి లేకుండా వేసింది కాబట్టి జరిమానా కలిపి పన్ను పడింది, కడుతున్నాను. ఇస్త్రీ ఆవిడకు ఆనాటి అర్జీ సంగతి మొత్తం చెప్పేశాను. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'అయితే ఇంకా ఎవరెవరింట్లో ఉన్నాయండీ?' అని అడిగింది.

దానికి నేను పేర్లు చెప్పలేదు. ఇంటింటికీ వెళ్ళి మాత్రం చెబుతున్నాను. కొందరు తీశారు, కొందరు తలుపు వేసుకున్నారు. పట్టుకుని మోటార్లు ఎత్తుకుపోవడం వల్ల ఇది తీరదు, మర్నాడు కొత్తది వస్తుంది. చివరి ఇంటికి చాలినంత పీడనంతో నీళ్ళు వస్తే మోటారు అవసరమే ఎవరికీ ఉండదు. అందుకని ఈసారి లీకు గురించీ వాల్వు గురించీ కాకుండా వేరే అర్జీ రాశాం, కింద నా సంతకమూ ఆవిడ వేలిముద్రా ఉన్నాయి. ప్రతి లైనుకూ చివరి కుళాయి దగ్గర నెలకోసారి పీడనం కొలిచి, ఆ అంకె వార్డు సచివాలయం బోర్డు మీద రాయాలనీ, ఆ అంకెలు కౌన్సిల్ ముందు పెట్టాలనీ అడిగాం. ఒక ప్రతి సచివాలయంలో ఇచ్చాం, ఒకటి కార్పొరేటరు చేతికిచ్చాం. సమావేశం జరిగే రోజు చూసుకుని మళ్ళీ వెళ్ళి అడుగుతాం.